అద్దంకి తరువోజ - ఖ్మేర్ శాసన గద్యం: దేశభాషా లేఖనంపై ఒక తులనాత్మక పరిశీలన

ప్రస్తావన

గుండ్లకమ్మ తీరాన ఉన్న అద్దంకికి తెలుగు సాహిత్యచరిత్రలో రెండు విధాలుగా స్థానం ఉంది. తూర్పు చాళుక్యరాజు గుణగ విజయాదిత్యుని సేనాని పండరంగని పద్యశాసనం మొదటిది. ప్రోలయ వేమారెడ్డి ఆశ్రయంలో ఎఱ్ఱాప్రగడ సాగించిన కావ్యరచన రెండవది. క్రీ.శ. 848 నాటిదిగా పండితులు నిర్ణయించిన పండరంగని శాసనం తెలుగు పద్యానికి తొలి శిలాసాక్ష్యంగా ప్రసిద్ధి పొందింది. నన్నయకు సుమారు రెండు శతాబ్దాల ముందే తెలుగులో ఛందోబద్ధమైన రచన ఉన్నదనడానికి సాహిత్య చరిత్రకారులు దీనినే ప్రధానాధారంగా చూపుతూ వచ్చారు.

ఈ నిర్ధారణలో వివాదం లేదు. అయితే దాని వెనుక సాధారణంగా పరీక్షకు నిలపని ఒక భావన ఉంది. దేశభాష శాసనంలో ప్రవేశించిన తరువాత అది ముందు గద్యంగానూ, కొంతకాలానికి పద్యంగానూ, ఆపైన కావ్యంగానూ ఎదగడం సహజక్రమమనే భావన అది. కలమళ్ళ, అద్దంకి, బెజవాడ, రాజమహేంద్రవరం అనే వరుసలో చెప్పుకొనే చరిత్ర ఈ క్రమాన్ని అనివార్యమైనదిగా కనిపింపజేస్తుంది. కన్నడ శాసనాలతో పోల్చినా స్థూలంగా ఇదే క్రమం కనిపించడం వల్ల ఆ భావన మరింత బలపడింది.

తెలుగు లిపికి దగ్గరి బంధువైన లిపిలో, సంస్కృత పాండిత్యపు నీడలోనే, దాదాపు ఒకే కాలంలో శాసనస్థమైన మరొక దేశభాష ఉంది. అది కంబుజదేశపు ఖ్మేర్ భాష. ఆ భాష శాసనాలలో గద్యంగా ప్రవేశించి, అంగ్కోర్ సామ్రాజ్యం ముగిసేవరకూ గద్యంగానే నిలిచింది. పద్యం సంస్కృతానికి కేటాయించబడింది. ఒకేవిధమైన లేఖన సామగ్రితో బయలుదేరిన రెండు భాషలు రెండు దారులు తొక్కినప్పుడు, ఏ ఒక్క దారినీ సహజమని చెప్పడం కుదరదు. ఖ్మేర్ శాసనాల పక్కన ఉంచి అద్దంకి శాసనాన్ని మరల చదివితే దానిలో కొత్తగా కనిపించేదేమిటో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

లిపి బంధుత్వం, భాషా భేదం

ఖ్మేర్ లిపి పల్లవ లిపి నుండి పుట్టిందని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. ఈ మాటను కొంత జాగ్రత్తగా వాడాలి. క్రీ.శ. 4-6 శతాబ్దాలలో దక్షిణాపథమంతటా వ్యాపించిన దక్షిణ బ్రాహ్మీ రూపాలు ఒకే రాజవంశపు సొత్తు కావు. వేంగిలో శాలంకాయనులు, విష్ణుకుండినులు వాడిన అక్షరాలకూ, పల్లవుల అక్షరాలకూ, సముద్రం దాటి కంబుజ, చంపా దేశాల శిలలపై కనిపించే తొలి అక్షరాలకూ మధ్య ఉన్నది సోదర సంబంధం. కాబట్టి ఖ్మేర్ లిపిని తెలుగు లిపికి సంతానమనడం కంటే దాయాది అనడం సమంజసం.

ఈ సంబంధంలో అద్దంకి ప్రాంతానికి నేరుగా చోటుంది. పల్లవుల తొలి తామ్రశాసనాలలో కొన్ని కృష్ణానదికి దక్షిణంగా ఉన్న ఈ మైదానాలకు సంబంధించినవే. పల్నాటి మంచికల్లు శిలాశాసనం, నరసరావుపేట సమీపంలోని మైదవోలు తామ్రశాసనం ప్రాకృతంలో ఉండగా, ఒంగోలు పరిసరాలకు చెందిన ఓంగోడు, చెందలూరు శాసనాలు సంస్కృతంలో ఉన్నాయి. రాజశాసన భాష ప్రాకృతం నుండి సంస్కృతానికి మారడాన్ని ఈ నేల ప్రత్యక్షంగా చూసింది. సంస్కృతం నుండి దేశభాషకు జరిగిన మలి మార్పులోనూ ఇదే నేల ముందున్నది.

రెండు లిపుల బంధుత్వం నేటికీ అక్షరాల నిర్మాణంలో కనిపిస్తుంది. తెలుగు హల్లుకు తలకట్టు ఉన్నట్లే ఖ్మేర్ హల్లుకు పైభాగాన ఒక అలంకారరేఖ ఉంటుంది. దానిని ఖ్మేర్‌లో జుట్టు అనే అర్థమిచ్చే ‘సక్’ అనే మాటతో పిలుస్తారు. సంయుక్తాక్షరంలో రెండవ హల్లును తెలుగువారు ఒత్తుగా కిందికి దించినట్లే ఖ్మేరులూ కిందికి దించుతారు. దానిని వారు ‘జేంగ్’, అంటే కాలు, అంటారు. ఈ పేర్లు ఒక భాష నుండి మరొక భాషకు వెళ్ళినవి కావు. ఒకే మూలరూపాన్ని రెండు జాతులు దేహభాగాలతో పోల్చుకొని విడివిడిగా పెట్టుకొన్న పేర్లు.

లిపిలో ఇంత చేరువైన ఈ భాషలు స్వభావంలో పూర్తిగా వేరు. తెలుగు ద్రావిడభాష, ఖ్మేర్ ఆస్ట్రోఏషియాటిక్ కుటుంబపు భాష. తెలుగు ధాతువుకు చివర ప్రత్యయం చేరి కొత్తమాట పుడుతుంది. ఖ్మేర్ ధాతువు నడుమ అక్షరాలు చేరి కొత్తమాట పుడుతుంది. ప్రాచీన ఖ్మేర్‌లో ‘జ్వన్’ అంటే సమర్పించు, ‘జంన్వన్’ అంటే సమర్పణ. తెలుగులో ‘ఇచ్చు’ నుండి ‘ఈవి’ వచ్చిన తీరుకు ఇది పూర్తిగా భిన్నం. దానశాసనాలలో ఈ రెండు భాషలూ చేసిన పని ఒకటే, చేసిన విధానం వేరు. సంస్కృత శబ్దాలను మాత్రం రెండూ విరివిగా తీసుకొన్నాయి. ‘నగర’ శబ్దమే ఖ్మేర్ నోట ‘నొకోర్’ అనీ, ‘అంగ్కోర్’ అనీ మారింది.

తొలి శాసనాలు: వయస్సును కొలిచే పద్ధతి

కడప ప్రాంతంలోని రేనాటి చోళుల కలమళ్ళ శాసనం క్రీ.శ. 575 ప్రాంతానిదని పండితుల అభిప్రాయం. ఖ్మేర్ భాషలో తేదీ ఉన్న తొలి శాసనం అంగ్కోర్ బొరేయ్‌లో లభించింది. దానిలో శక 533, అంటే క్రీ.శ. 611, స్పష్టంగా చెక్కి ఉంది. ఈ రెండింటి మధ్య అంతరం సుమారు 36 సంవత్సరాలు. కాని ఈ లెక్క సమానమైన ఆధారాలపై నిలిచినది కాదు. కలమళ్ళ శాసనంలో శకవర్షం లేదు. దాని కాలం లిపి పరిణామాన్ని బట్టి ఊహించినది. అంగ్కోర్ బొరేయ్ శాసనం తన కాలాన్ని తానే చెబుతోంది. లిపిని బట్టి చేసిన నిర్ణయంలో కొన్ని దశాబ్దాల సడలింపు ఉండక తప్పదు. అందువల్ల ఈ రెండు భాషలు ఒకే తరంలో శిలాక్షరమైనాయని మాత్రమే నిశ్చయంగా చెప్పగలం.

2008లో తెలుగుకు ప్రాచీనభాష హోదా లభించిన సందర్భంలోనూ, ఆ తరువాతా, తొలి శాసనపు వయస్సు చుట్టూ చాలా చర్చ జరిగింది. ఖ్మేర్‌తో పోలిక ఆ చర్చకు ఒక హద్దు గీస్తుంది. దేశభాషను శిలపై రాయడం ఆ కాలంలో బంగాళాఖాతానికి ఇరువైపులా జరిగిన విస్తృత పరిణామం. అది తెలుగుకు మాత్రమే ప్రత్యేకమైన ఘనత కాదు. తెలుగు ప్రత్యేకత ఎప్పుడు రాసిందన్న దానిలో కంటే రాతతో ఏమి చేసిందన్న దానిలో వెతకవలసి ఉంది.

ఈ విషయంలో షెల్డన్ పొలాక్ 2006లో వెలువరించిన బృహద్గ్రంథంలో చూపిన విభజన ఉపయోగకరం. ఒక భాషను లిపిబద్ధం చేయడం వేరు, దానిని సాహిత్యంగా తీర్చిదిద్దడం వేరు అని ఆయన ప్రతిపాదించారు. మొదటిదాన్ని లేఖనీకరణమనీ, రెండవదాన్ని సాహిత్యీకరణమనీ తెలుగులో చెప్పుకోవచ్చు. ఈ రెండింటి నడుమ శతాబ్దాల ఎడం ఉండవచ్చుననీ, ఆ ఎడాన్ని దాటించేది రాజాస్థానపు ఇచ్ఛ అనీ ఆయన వాదం. కలమళ్ళ నుండి అద్దంకి వరకు ఆ ఎడం ఇంచుమించు 270 సంవత్సరాలు. ఖ్మేర్‌లో అది వెయ్యేళ్ళకు చేరువైంది.

ఖ్మేర్ శాసనాలలో భాషల పనివిభజన

కంబుజదేశపు శాసనాలలో సంస్కృతం, ఖ్మేర్ పక్కపక్కనే ఉంటాయి. ఒకే రాతిపై రెండు భాషలూ ఉన్నచోట వాటి మధ్య పనివిభజన స్పష్టంగా ఉంటుంది. సంస్కృత భాగం శ్లోకాలలో దేవతాస్తుతితో మొదలై, రాజవంశాన్నీ దాతనూ కీర్తిస్తుంది. ఖ్మేర్ భాగం గద్యంలో ఇచ్చిన వస్తువులను, భూమి ఎల్లలను, సేవకులను, పశువులను, ఆలయానికి నిత్యం అందవలసిన బియ్యాన్ని లెక్కిస్తుంది. కీర్తి సంస్కృతంలోనూ, కైఫియతు ఖ్మేర్‌లోనూ ఉన్నాయన్నమాట.

కాలాన్ని చెప్పే పద్ధతిలోనూ ఈ విభజన ఉంది. సంస్కృత శ్లోకాలు శకవర్షాన్ని తెలుగు కవులకు సుపరిచితమైన భూతసంఖ్యలలో, అంటే వేదాలు నాలుగు, రసాలు ఆరు అనే సంకేతపదాలతో చెబుతాయి. ఖ్మేర్ గద్యం అదే వర్షాన్ని అంకెలలో రాస్తుంది. మెకాంగ్ తీరాన సంబోర్‌లో లభించిన ఖ్మేర్ శాసనంలో శక 605, అంటే క్రీ.శ. 683, మూడు అంకెలతో ఉంది. నడిమి సున్నను చుక్కగా చెక్కారు. స్థానవిలువతో కూడిన సున్నకు నిశ్చితమైన తేదీతో దొరికిన అతిప్రాచీన ఆధారాలలో ఇది ఒకటి. జార్జ్ సెదెస్ 1931లో ఈ విషయాన్ని లోకం దృష్టికి తెచ్చారు. గణితచరిత్రలో ఇంత విలువైన ఆధారాన్ని కాపాడినది సంస్కృత శ్లోకం కాక, లెక్కలు రాసుకొన్న దేశభాషా గద్యం కావడం గమనార్హం.

ఈ పనివిభజన పరాకాష్ఠకు చేరిన శాసనం స్డోక్ కాక్ థొమ్‌లో ఉంది. శక 974 నాటి ఈ శాసనంలో మొత్తం 340 పంక్తులు. వాటిలో 194 సంస్కృతం, 146 ఖ్మేర్. దేవరాజ పూజాధికారాన్ని తరతరాలుగా నిర్వహించిన ఒక పురోహిత కుటుంబపు చరిత్ర దీని విషయం. రెండు భాగాలూ అదే చరిత్రను చెబుతాయి కాని ఒకే విధంగా చెప్పవు. సంస్కృత శ్లోకాలు వంశపు పాండిత్యాన్ని స్తుతిస్తే, ఖ్మేర్ గద్యం ఎవరు ఎక్కడి నుండి వచ్చి ఏ భూమిని పొందారో, ఏ గ్రామాన్ని నిలిపారో వరుసగా నమోదు చేస్తుంది. రెండవ జయవర్మ ‘జవా’ నుండి వచ్చి రాజ్యం స్థాపించాడనే ప్రసిద్ధ విషయం ఈ ఖ్మేర్ భాగంలోనిదే. దేవరాజు అన్న మాటకు ఖ్మేర్ సమానార్థకమైన ‘కమ్రతేఙ్ జగత్ త రాజ’ను కూడా ఇది ఇస్తుంది.

ఈ శాసనపు కాలం తెలుగువారికి ప్రత్యేకంగా ఆసక్తికరం. శక 974 అంటే క్రీ.శ. 1052-53. నన్నయ రచించిన నందంపూడి తామ్రశాసనం 1053 నాటిదని ప్రసిద్ధం. ఒకవైపు రాజమహేంద్రవరంలో మహాభారతాన్ని తెలుగు చేస్తున్న కవే రాజశాసనాన్ని ప్రధానంగా సంస్కృతంలో కూర్చాడు. మరొకవైపు కంబుజంలో ఒక పండితవంశం తన చరిత్రను సంస్కృత పద్యంగానూ ఖ్మేర్ గద్యంగానూ విడదీసి చెక్కించింది. రెండుచోట్లా సంస్కృతం శాసనపు గౌరవభాషే. కాని ఒకచోట దేశభాషకు కావ్యమనే మరొక గది తెరుచుకొంది, రెండవచోట ఆ తలుపు శిలపై తెరుచుకోలేదు.

అద్దంకి శాసన స్వరూపం

తెలుగుదేశంలోనూ మొదట్లో పనివిభజన ఇటువంటిదే. తూర్పు చాళుక్యుల తామ్రశాసనాలు పలుచోట్ల వంశప్రశస్తిని సంస్కృతంలో చెప్పి, పొలిమేరల వివరాలకు తెలుగును ఆశ్రయించాయి. నరసరావుపేట ప్రాంతంలోని విప్పర్లలో జయసింహవల్లభుని కాలంనాటి తెలుగు శాసనం గద్యమే. 7వ శతాబ్దంలో వేంగి రాజ్యాన్నీ కంబుజాన్నీ పక్కపక్కన పెట్టి చూసినవారికి పెద్ద తేడా కనిపించదు.

అద్దంకి శాసనం ఈ స్థితిని మార్చింది. కొమర్రాజు లక్ష్మణరావు పరిష్కరించిన ఈ శాసనంలో రెండు భాగాలు ఉన్నాయి. మొదటిది ఒక తరువోజ పద్యం. కొత్తగా పట్టాభిషేకం జరిగిన ఏడాదే పండరంగడు సామంతసేనతో బయలుదేరి పన్నెండు బోయకొట్టాలను గెలిచిన వృత్తాంతం, కట్టెపు దుర్గాన్ని నేలమట్టం చేసి కందుకూరును బెజవాడవలె చేసిన విషయం అందులో ఉన్నాయి. రెండవ భాగం గద్యం. పరమమాహేశ్వరుడైన పండరంగడు ఆదిత్య భటారునికి ధర్మవరంలో ఇచ్చిన భూమిని పుట్ల కొలతతో చెప్పి, దానిని కాపాడినవారికి అశ్వమేధ ఫలం కలుగుతుందని ముగుస్తుంది.

ఈ నిర్మాణాన్ని ఖ్మేర్ శాసనాల నిర్మాణంతో పోల్చి చూస్తే, రెండింటి చట్రం ఒకటేనని తేలుతుంది. ముందు కీర్తి, తరువాత దానం, చివర రక్షణవాక్యం. ముందుది పద్యం, తరువాతిది గద్యం. కంబుజంలో పద్యగద్యాల సరిహద్దు రెండు భాషల సరిహద్దుతో కలిసిపోయింది. అద్దంకిలో ఆ సరిహద్దు ఒకే భాష లోపల పడింది. సంస్కృతం చేయవలసిన పనిని తెలుగు పద్యం తన మీద వేసుకొంది, గద్యం చేసే పనిని తెలుగు గద్యం కొనసాగించింది. అద్దంకి శాసనం చరిత్రలో నిలవడానికి అసలు కారణం ఇక్కడే ఉంది. తెలుగులో పద్యం ఉందని అది చెబుతోంది. అంతకు మించి, ప్రశస్తి చెప్పే అధికారం తెలుగుకు ఉందని అది ఆచరణలో చూపుతోంది.

పండరంగడు రాజు కాడన్న విషయం కూడా ఇక్కడ గుర్తుంచుకోవాలి. తెలుగు పద్యానికి తొలిసారి నాయకుడైనది చక్రవర్తి కాక, అతని సేనాని. రాజవంశపు ప్రశస్తి సంస్కృత తామ్రఫలకాలలోనే ఉండగా, యుద్ధం చేసి గెలిచినవాని కీర్తి దాన్ని వినగల జనుల భాషలో శిలకెక్కింది. దేశభాషా సాహిత్యీకరణం రాజాస్థానం నుండి కిందికి దిగిందన్న పొలాక్ సిద్ధాంతాన్ని అద్దంకి సాక్ష్యం పూర్తిగా కాదనదు, కాని సవరిస్తుంది. ఆస్థానపు అంచున ఉన్న సైనిక ప్రభువుల పాత్రను ఆ సిద్ధాంతంలో చేర్చవలసి ఉంటుంది.

భేదానికి కారణాలు

ఒకే చట్రం నుండి రెండు దారులు ఎందుకు ఏర్పడినాయన్నది తరువాతి ప్రశ్న. దీనికి మూడు కారణాలను ప్రతిపాదించవచ్చు.

మొదటిది ఛందస్సు. అద్దంకి కవి సంస్కృత వృత్తాన్ని ఎన్నుకోలేదు. తరువోజ దేశిచ్ఛందస్సు. మూడు ఇంద్రగణాలు, ఒక సూర్యగణం కలిస్తే ద్విపదలో ఒక పాదం. అటువంటి రెండు పాదాల కొలత తరువోజలో ఒక పాదం. రోకటిపాటల నడకతో దీనిని పోల్చిన పండితులు ఉన్నారు. తరువాతి శాసనాలలోనూ ఇదే ధోరణి కనిపిస్తుంది. బెజవాడ యుద్ధమల్లుని శాసనం మధ్యాక్కరలలో ఉంది, కుర్క్యాల జినవల్లభుని త్రిభాషా శాసనంలోని తెలుగు పద్యాలు కందాలు. శాసనంలోకి వచ్చేనాటికి తెలుగు పద్యం పాటగా పండి ఉంది. ఖ్మేర్‌కు కూడా సొంత ఛందస్సులు ఉన్నాయి. నాలుగేసి అక్షరాల ఏడు పాదాలతో, పాదాంత ప్రాసలతో సాగే ‘కాకగతి’ వాటిలో ప్రసిద్ధం. గురులఘు క్రమంతో నిమిత్తం లేకుండా అక్షరసంఖ్య మీద, ప్రాస మీద నడిచే ఈ ఛందస్సులు అంగ్కోర్ అనంతర సాహిత్యంలోనే రాతకు ఎక్కినాయి. రామకథను చెప్పే ‘రేయామ్‌కేర్’ ప్రాచీన భాగాలు 16-17 శతాబ్దాలవని పండితుల అంచనా. రాతికి ఎక్కనంత మాత్రాన అంతకు ముందు ఖ్మేర్ నోట పాట లేదనుకోవడం పొరపాటు. పాట ఉన్నా దానికి శాసనపు గౌరవం దక్కలేదన్నంతవరకే చెప్పగలం.

రెండవది పొరుగు పోటీ. 9వ శతాబ్ది మధ్యభాగంలో దక్కనులో దేశభాష ఒక రాజకీయ ఆయుధమైంది. గుణగ విజయాదిత్యుడు రాష్ట్రకూటులతో పోరాడినవాడు. ఆ రాష్ట్రకూట ఆస్థానంలోనే, అమోఘవర్ష నృపతుంగుని కాలంలో, కన్నడ కావ్యలక్షణాన్ని చెప్పే ‘కవిరాజమార్గం’ వెలువడింది. అద్దంకి శాసనమూ ఆ లక్షణగ్రంథమూ ఇంచుమించు ఒకే తరానివి. పొరుగురాజు భాష ప్రశస్తికి ఎక్కుతున్న కాలంలో వేంగి సేనాని భాష కూడా అందుకు పూనుకోవడంలో ఆశ్చర్యం లేదు. కంబుజ రాజులకు సరిహద్దుల్లో అంతటి భాషాస్పర్ధ ఎదురుకాలేదు. చంపా రాజ్యంలోనూ సంస్కృత పద్యం, చామ్ గద్యం అన్న విభజనే నడిచింది.

మూడవది మతసంస్థల స్వభావం. స్డోక్ కాక్ థొమ్ శాసనం చూపినట్లు, అంగ్కోర్‌లో సంస్కృత ప్రశస్తి కొన్ని పండితవంశాల అధికారంతో ముడిపడింది. ఆ వంశాల ప్రాభవం ఉన్నంతకాలం పద్యం సంస్కృతాన్ని వీడలేదు. 14వ శతాబ్దంలో థేరవాద బౌద్ధం పాలీభాషతో పాటు పైకి వచ్చినప్పుడు ఆ అధికారం సడలింది. కంబుజంలో తేదీ తెలిసిన తొలి పాలీ శాసనం 1309 నాటిది. అంగ్కోర్‌లో చివరి సంస్కృత శాసనం 1327 నాటిదిగా చెబుతారు. సరిగా ఆ సంవత్సరాలలోనే ప్రోలయ వేమారెడ్డి అద్దంకి రాజధానిగా రెడ్డిరాజ్యాన్ని స్థాపించాడు. ఎఱ్ఱాప్రగడ హరివంశం అతనికే అంకితమైంది. అంగ్కోర్‌లో సంస్కృత పద్యం మౌనం వహించేనాటికి అద్దంకిలో తెలుగు పద్యానికి అయిదు శతాబ్దాల వయస్సు వచ్చింది.

గద్యం దాచిన మనుషులు

ఇంతవరకు చెప్పినదాన్ని బట్టి తెలుగు దారి గెలుపు దారి అనీ, ఖ్మేర్ దారి వెనుకబాటు అనీ భావించే ప్రమాదం ఉంది. ఖ్మేర్ శాసనాధ్యయన చరిత్ర ఈ భావనను సరిదిద్దుతుంది.

19వ శతాబ్ది చివర ఒగుస్త్ బార్త్, అబెల్ బెర్గైన్ ప్రకటించిన తొలి సంపుటాలు కంబుజపు సంస్కృత శాసనాల సంపుటాలు. పద్యభాగమే చరిత్రకు, సాహిత్యానికి ముఖ్యమని ఆనాటి దృష్టి. తెలుగులో జయంతి రామయ్య పంతులు ‘శాసన పద్యమంజరి’ కూర్చినప్పుడు కూడా, ఆ గ్రంథనామమే చెబుతున్నట్లు, పద్యాలనే ఏరి కూర్చారు. రెండు పండిత సంప్రదాయాలూ మొదట పద్యాన్ని ఏరుకొని గద్యాన్ని పక్కన ఉంచాయి.

తరువాత దారులు మళ్ళీ విడిపోయాయి. ఖ్మేర్ పరిశోధకులు గద్యానికి తిరిగి వచ్చారు. సెవరోస్ పూ, ఫిలిప్ జెన్నర్ ప్రాచీన ఖ్మేర్ నిఘంటువులను నిర్మించారు. మైకేల్ వికరీ 1998లో ప్రకటించిన గ్రంథంలో, సంస్కృత శ్లోకాల్లోని రాజవర్ణనలను వెనక్కి నెట్టి, ఖ్మేర్ గద్యం ఆధారంగా అంగ్కోర్ పూర్వసమాజాన్ని పునర్నిర్మించారు. అందుకు ఆధారమైనవి ఎక్కువగా పేర్ల పట్టికలే. అంగ్కోర్ బొరేయ్ శాసనంలోనే ఆలయానికి ఇచ్చిన సేవకుల పేర్లు ఉన్నాయి. పురుషుని పేరుకు ముందు ‘వా’ అనీ, స్త్రీ పేరుకు ముందు ‘కు’ అనీ గుర్తులు ఉంటాయి. నర్తకీ గాయకీజనానికి తరచుగా సంస్కృత నామాలు, పొలం పనివారికి ఎక్కువగా ఖ్మేర్ నామాలు కనిపిస్తాయి. ఒక సమాజం తనలోని మనుషులను ఏ వరుసలో ఉంచిందో ఆ పట్టికలు తెలియజేస్తాయి. ఈ సేవకులను సూచించిన ‘ఖ్ఞుం’ అనే మాట నేటి ఖ్మేర్‌లో ‘నేను’ అనే అర్థంలో నిలిచింది. వినయంగా ‘తమ దాసుడను’ అని చెప్పుకొనే అలవాటు స్థిరపడి సర్వనామమైంది. ఆలయ సేవకుల పట్టికలోని పదం ఒక జాతి అంతటికీ ఉత్తమపురుషగా మారడం భాషాచరిత్రలో అపురూపం.

ఈ దృష్టితో అద్దంకి శాసనానికి తిరిగి వస్తే పద్యంలోని ఒక లోపం కనిపిస్తుంది. అందులో పేరున్న మనిషి పండరంగడు. ఓడినవారు సంఖ్యగా మాత్రమే మిగిలారు. పన్నెండు కొట్టాలలోని బోయలెవరో, వారి నాయకులెవరో పద్యం చెప్పదు. చెప్పవలసిన అవసరం ప్రశస్తికి లేదు. ఆదిత్య భటారుని భూమిని ఎవరు దున్నారో క్లుప్తమైన గద్యమూ చెప్పదు. అయితే ఆ తరువాతి శతాబ్దాల గద్యశాసనాలు ఈ మౌనాన్ని కొంత తీరుస్తాయి. ద్రాక్షారామం వంటి తీరాంధ్ర క్షేత్రాలలో అఖండదీపాలకు దాతలు గొఱ్ఱెలను ఇచ్చినప్పుడు, వాటిని తీసుకొని నిత్యమూ మానెడు నెయ్యి పోయడానికి ఒప్పుకొన్నవారి పేర్లు శాసనాలలో ఉన్నాయి. వారిలో చాలామంది పేరు చివర ‘బోయ’ అని ఉంటుంది, తండ్రి పేరూ ఉంటుంది. అద్దంకి పద్యంలోని బోయలకూ ఈ దీపశాసనాల బోయలకూ ఉన్న సంబంధాన్ని తొందరపడి నిర్ణయించరాదు. ఒకటి యుద్ధంలో ఓడిన కొట్టాల లెక్క, రెండవది ఆలయ వ్యవస్థలో బాధ్యత వహించిన వ్యక్తుల నమోదు. కాని ఒకే మాట పద్యంలో సంఖ్యగానూ గద్యంలో మనిషిగానూ కనిపించడం పరిశోధనకు ఒక తావును చూపుతోంది.

తెలుగు శాసన గద్యాన్ని ఎవరూ చదవలేదనడం సత్యం కాదు. కోరాడ మహాదేవశాస్త్రి చారిత్రక వ్యాకరణం (1969), బూదరాజు రాధాకృష్ణ ‘ప్రాచీనాంధ్ర శాసనాలు’ (1971) గద్యపాఠాలపైనే ఎక్కువగా ఆధారపడినాయి. అయితే ఆ అధ్యయనం ప్రధానంగా వర్ణాలు, విభక్తులు, క్రియారూపాల వద్ద నిలిచింది. సాహిత్య చరిత్రకారులు పద్యాన్నీ, భాషాశాస్త్రవేత్తలు గద్యరూపాలనూ, చరిత్రకారులు తేదీలనూ పంచుకొన్నారు. ఒకే రాయిని ముగ్గురూ మూడు ముక్కలుగా చదివారు.

ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన విషయాలను ఇలా సంగ్రహించవచ్చు. తెలుగు, ఖ్మేర్ భాషలు సోదరలిపులలో ఇంచుమించు ఒకే తరంలో శిలాక్షరమైనాయి. కాబట్టి తొలి శాసనపు వయస్సు ఒక్కటే తెలుగు ప్రత్యేకతకు ఆధారం కాజాలదు. కంబుజంలో కీర్తి సంస్కృత పద్యానికీ, లెక్క దేశభాషా గద్యానికీ చెందగా, అద్దంకి శాసనం ఆ రెండు పనులనూ ఒకే తెలుగు పాఠంలో చేర్చింది. దేశిచ్ఛందస్సు ముందే పండి ఉండడం, రాష్ట్రకూటులతో స్పర్ధ, ప్రశస్తిపై ఏ ఒక్క పండితవర్గానికీ పూర్తి అధికారం లేకపోవడం ఇందుకు తోడ్పడినాయి. దేశభాష పద్యానికి ఎక్కడం సహజక్రమం కాదు. ఒక నిర్దిష్ట కాలంలో, ఒక నిర్దిష్ట సామాజిక స్థితిలో జరిగిన ఎంపిక అది.

తెలుగు శాసనాధ్యయనానికి ఖ్మేర్ పరిశోధన నుండి గ్రహించవలసిన పద్ధతి కూడా ఒకటుంది. దానశాసనాల చివరిభాగంలోని పేర్లు, కొలతలు, ఎల్లలు, వృత్తులు సాహిత్య విద్యార్థి దాటిపోవలసిన వివరాలు కావు. అద్దంకి తరువోజను పాఠ్యప్రణాళికలలో ఒంటరి పద్యంగా కాక, దాని కింద ఉన్న దానగద్యంతో కలిపి పాఠంగా ఉంచడం, ఒంగోలు, బాపట్ల, నరసరావుపేట ప్రాంతాల తరువాతి గద్యశాసనాలలోని వ్యక్తినామాలను క్రమబద్ధంగా సేకరించడం ఈ దిశలో చేపట్టదగిన తొలి పనులు. పండరంగని జైత్రయాత్ర పద్యం వల్ల తెలిసింది. ఆ యాత్ర సాగిన నేలమీద బతికినవారి చరిత్ర ఆ గద్యపంక్తుల నుండి రావలసి ఉంది.